రాత్రి గాలి, పొద్దున్న బకెట్: విజయనగరం షోరూముకి నైట్ వెంటిలేషన్ పనికొస్తుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్ల కోసం ముందు దాన్ని క్లుప్తంగా చెప్పేస్తాను. విజయనగరంలో మూడంతస్తుల బట్టల షోరూము మీది, అంతస్తుకి 2,000 చదరపు అడుగులు. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టరు దించేస్తారు. పొద్దున్న పదింటికి తీసేసరికి లోపల ఉడికిపోతూ ఉంటుంది, పై అంతస్తు మరీను. ఏసీలన్నీ వేసినా దారికి రావడానికి గంటన్నర పడుతోంది. నెలకి సగటున 5,000 యూనిట్లు కాలుతున్నాయి, అన్నీ కలుపుకుంటే యూనిట్‌కి పది రూపాయలు. ఒకాయన వచ్చి, రాత్రంతా బయటి చల్లగాలిని పెద్ద ఫ్యాన్లతో లోపలికి తోలితే బిల్లు 30 శాతం తగ్గుతుందని చెప్పి నాలుగు లక్షలకి కొటేషన్ ఇచ్చి వెళ్లాడు. చేయించాలా వద్దా అన్నది మీ సందేహం.

ఆ కొటేషన్ మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. అలాగని ఆయన చెప్పిన పద్ధతి బూటకమేమీ కాదు. దానికంటూ ఒక ఊరు, ఒక కాలం, ఒక రకం బిల్డింగు ఉన్నాయి. మన ఊళ్లో ఆ కాలం ఏడాదికి మూడు నెలలు. మీ బిల్డింగు ఆ రకానికి సగమే సరిపోతుంది. నేను విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏసీ, వెంటిలేషన్ పనులు 20 ఏళ్లకి పైగా చేస్తున్నాను. ఈ పద్ధతితో ఒకసారి మెప్పు పొందాను, అదే చోట చీవాట్లూ తిన్నాను. ఆ కథ కిందకి వచ్చాక చెబుతాను.

ముందు ఇది ఎలా పని చేస్తుందో చూడండి. చాలామంది రాత్రి చల్లగాలి లోపలికొస్తే గది చల్లబడుతుంది, అంతే కదా అనుకుంటారు. గాలి చల్లబడటం వల్ల ఒరిగేది ఏమీ ఉండదు. పొద్దున్న తలుపు తీసిన పది నిమిషాల్లో ఆ చల్లదనం పోతుంది. చల్లబడాల్సింది స్లాబు, గోడలు, నేల. మీ అంతస్తు 2,000 చదరపు అడుగులు, స్లాబు 5 అంగుళాల మందం అనుకుంటే ఒక్క స్లాబు బరువే సుమారు 56 టన్నులు. అంత కాంక్రీటు ఒక్క డిగ్రీ చల్లబడాలంటే అందులోంచి దాదాపు 14 యూనిట్ల వేడి బయటికి పోవాలి. మూడు స్లాబులూ రెండేసి డిగ్రీలు దిగితే 84 యూనిట్ల వేడి పోయినట్టు. ఏసీ ఒక యూనిట్ కరెంటు తిని మూడు యూనిట్ల వేడి లాగుతుందనుకుంటే, మర్నాడు 28 యూనిట్ల కరెంటు మిగలాలి.

దానికి ఎంత గాలి కావాలి? మీ మూడు అంతస్తుల్లో గాలి మొత్తం సుమారు 66,000 ఘనపుటడుగులు. గంటకి ఆరుసార్లు మార్చాలంటే 6,600 సీఎఫ్‌ఎం ఫ్యాను, అంటే నిమిషానికి అన్ని ఘనపుటడుగుల గాలి తోసేది కావాలి. అది మంచి ఫ్యానైతే, గాలి వచ్చే దారీ పోయే దారీ విశాలంగా ఉంటే, కిలోవాట్‌కి కాస్త పైన లాగుతుంది. ఆరు గంటలకి 7 యూనిట్లు వేసుకోండి. 28లోంచి 7 తీసేస్తే రాత్రికి 21 యూనిట్లు లాభం. ఇది కాగితం మీది లెక్క. బయటి గాలి లోపలి కంటే సగటున నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది.

ఇప్పుడు మీ షోరూములోకి వద్దాం. మీరు పెట్టిన ఫొటోలో గ్రిడ్ ఫాల్స్ సీలింగ్ కనిపిస్తోంది. గోడలకి కింద నుంచి పైదాకా చీరల ర్యాకులు. పై అంతస్తులో కార్పెట్. అంటే స్లాబుకి గొడుగు పట్టారు, గోడకి దుప్పటి కప్పారు, నేలకి చాప పరిచారు. రాత్రంతా ఫ్యాను తోలినా గాలి ఎక్కువ భాగం సీలింగ్ పలకల్నీ చీరల్నీ రాసుకుంటూ పోతుంది, స్లాబు దాకా వెళ్లేది కొంతే. ఇలాంటి చోట నేనైతే ఆ 84ని సగానికి కోసేస్తాను. 42 యూనిట్ల వేడి అంటే 14 యూనిట్ల కరెంటు. ఫ్యాను మాత్రం సగం తినదు, దానికి 7 యూనిట్లూ పోయాల్సిందే. మిగిలేది రాత్రికి 7.

నాకు తెలిసి మన దగ్గర ఈ పని చేయదగ్గ రాత్రులు 90కి మించవు. 90 రాత్రులకి 630 యూనిట్లు, రూపాయల్లో 6,300. మీరు ఏడాదికి 60,000 యూనిట్లు కాలుస్తున్నారు. అందులో ఇది ఒక్క శాతం. ఫాల్స్ సీలింగ్ మొత్తం పీకేసి స్లాబు బయటపెట్టినా 3 శాతం చుట్టుపక్కలే. ఆ 30 ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన్నే అడగండి. నాలుగు లక్షలు ఏడాదికి 6,300 చొప్పున తిరిగి రావాలంటే మీ మనవలు కూడా ఆ షోరూములో కూర్చోవాలి.

30 శాతం కబుర్లు వచ్చేది పొడి దేశాల నుంచి. ఈ విషయం మాట్లాడేవాళ్లందరూ హరారేలోని ఈస్ట్‌గేట్ సెంటర్ వీడియో చూపిస్తారు. జింబాబ్వేలో ఆర్కిటెక్ట్ మిక్ పియర్స్ కట్టించిన బిల్డింగు అది, 1996లో తెరిచారు. చెదపుట్టను చూసి నేర్చుకున్న బిల్డింగు అని దానికి పేరు. రాత్రి చల్లగాలితో కాంక్రీటుని చల్లబరిచి, పగలు ఆ చల్లదనాన్ని వాడుకుంటారు. గొప్ప పనే. కానీ హరారే సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ పగటికీ రాత్రికీ తేడా బాగా ఉంటుంది, గాలి పొడిగా ఉంటుంది. మనకి భోగాపురం దాటితే సముద్రం. మే నెలలో రాత్రి రెండింటికి మేడ మీదకెక్కి చూడండి, 27, 28 డిగ్రీలకి తగ్గదు, పైగా ఒళ్లంతా జిడ్డు. ఆ గాలిని ఫ్యానుతో లోపలికి తోలడమంటే ఉక్కపోతని డబ్బిచ్చి కొనుక్కోవడమే.

ఇక నా కథ. చాలా ఏళ్ల కిందట శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆఫీసు, రెండంతస్తులు. ఫాల్స్ సీలింగ్ లేదు, బోలెడంత కాంక్రీటు కనబడుతూ ఉండేది. డిసెంబరులో పని ఒప్పుకున్నాను. మెట్ల గది మీద రెండు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, కింద జాలీ పెట్టిన కిటికీలు, ఒక టైమరు. రాత్రి 11కి ఆన్, పొద్దున్న 6కి ఆఫ్. మొదటి వారంలోనే తేడా తెలిసింది. పదకొండింటి దాకా ఏసీ వేయకుండానే స్టాఫ్ కూర్చున్నారు. యజమాని ఫోన్ చేసి మెచ్చుకున్నారు, ఇంకో ఇద్దరికి నా నంబరు కూడా ఇచ్చారు. ఫిబ్రవరి చివర్లో టైమరు ఆపేయాలని చెప్పడం నేను మర్చిపోయాను. మర్చిపోయానని కూడా అనకూడదు, అప్పటికి అది ఆపాల్సిన విషయమని నాకు తట్టనే లేదు. చల్లగాలే కదా, తిరగనీ అనుకున్నాను.

జూలైలో ఒక ఉదయం అక్కడి వాచ్‌మన్ ఫోన్. "బాబూ, ఏటో సీలింగుకి సెమట్లు పట్టీసినాయి, ఓపాలి వచ్చి చూడండి" అన్నాడు. వెళ్లాను. ఏసీ వేసి అరగంట అయింది. గాలి వచ్చే గ్రిల్ రెక్కల నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా కంప్యూటర్ల మీద పడుతున్నాయి. అద్దాల పార్టిషన్ మీద వేలితో పేరు రాయొచ్చు. బీరువా తీస్తే ముక్కిన వాసన. ఫైళ్లలో కాగితాలు అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. గోడ మూల పెయింటు మీద నల్లటి చుక్కలు, బూజు. ఏసీ చెడిపోయిందనుకుని వాళ్లు అప్పటికే ఇంకో మెకానిక్‌ని పిలిచి గ్యాస్ కూడా నింపించారు. ఏసీకి ఏ రోగమూ లేదు. రాత్రంతా నా ఫ్యాన్లు వానాకాలపు గాలిని లోపలికి నింపాయి, పొద్దున్న ఏసీ దాన్ని పిండలేక చస్తోంది. పెయింటు ఖర్చు నేనే పెట్టుకున్నాను.

ఆ రోజు నుంచి థర్మామీటరు ఒక్కటే చూసి ఫ్యాను వేయడం మానేశాను. గాలిలో వేడి ఒక ఎత్తు, నీళ్లు ఇంకో ఎత్తు. మీ షోరూముకే లెక్క వేద్దాం. ఆగస్టు రాత్రి బయట 26 డిగ్రీలన్నర, తేమ 90 శాతం. ఆ గాలి కిలోకి దాదాపు 20 గ్రాముల నీళ్లు మోస్తుంది. సాయంత్రం దాకా ఏసీ నడిచిన మీ లోపలి గాలిలో, 25 డిగ్రీలు, 55 శాతం తేమ దగ్గర, ఉండేది 11 గ్రాములు. మీ మూడు అంతస్తుల గాలి బరువు 2,200 కిలోలు. ఒకసారి మొత్తం మారిందంటే 20 లీటర్ల నీళ్లు లోపలికి వచ్చినట్టే. తలుపులు మూసి ఉన్నా సందుల్లోంచి కొంత ఎలాగూ వస్తుందనుకోండి. కానీ ఫ్యాను రాత్రంతా తిరిగితే అసలు నష్టం గాలిలో కాదు, బట్టలో.

నూలు బట్ట నీళ్లు తాగుతుంది. 65 శాతం తేమ ఉన్న గాలిలో మామూలు నూలు తన బరువులో ఎనిమిదిన్నర శాతం దాకా నీళ్లు పట్టుకుంటుంది. నూలు వ్యాపారంలో ఉన్నవాళ్లకి ఇది కొత్త విషయం కాదు, తూకం దగ్గరే తేడా వస్తుంది. మీ దగ్గర నాలుగు టన్నుల నూలు సరుకు ఉందనుకుందాం. పొందూరు ఖద్దరు, మంగళగిరి చీరలు, దుప్పట్లు, లుంగీలు అన్నీ కలిపి. రాత్రి గాలికి అది ఒక్క శాతం తేమ ఎక్కువ లాగినా 40 లీటర్లు. గాలిలోవి 20, బట్టలోవి 40, మొత్తం 60 లీటర్లు. పొద్దున్న మీ ఏసీలు దాన్నంతా నీళ్లుగా మార్చి డ్రెయిన్ పైపులోంచి బయటికి పంపాలి. లీటరుకి మూడింట రెండు వంతుల యూనిట్ వేడి చొప్పున 40 యూనిట్ల వేడి, అంటే 13 యూనిట్ల కరెంటు. అదే రాత్రి గాలి వల్ల స్లాబు చల్లబడి మిగిలేది మహా అయితే ఏడు. అది ఫ్యాను ఖర్చుకే సరి. ఈ 13 చేతి నుంచి పోయినట్టే. పైగా పట్టుచీరల అరలో ముక్కిన వాసన వస్తే దానికి ఏ లెక్కా చాలదు.

మరి ఎప్పుడు వేయొచ్చు? దీనికి డ్యూ పాయింట్ చూడాలి. గాలిని ఎంత దాకా చల్లబరిస్తే అందులోని నీళ్లు మంచులా పట్టడం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రత అది. నోటిలెక్క ఒకటుంది. తేమ శాతాన్ని 100లోంచి తీసేయండి, వచ్చినదాన్ని 5తో భాగించండి, దాన్ని ఉష్ణోగ్రతలోంచి తీసేయండి. తేమ 50 శాతం పైన ఉన్నంతవరకూ ఈ లెక్క చాలు. డిసెంబరు తెల్లవారుజామున 18 డిగ్రీలు, 80 శాతం తేమ అనుకోండి. 100లోంచి 80 పోతే 20, ఐదో వంతు 4. 18లోంచి 4 పోతే 14. ఆగస్టు రాత్రి 26 డిగ్రీలన్నర, 90 శాతమైతే ఇరవై నాలుగున్నర. ఏసీ నడిచే మీ గదిలో డ్యూ పాయింట్ 15, 16 దగ్గర ఉంటుంది. బయటిది 16 లోపు ఉండాలి, పైగా బయటి గాలి లోపలి కంటే కనీసం నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలి. రెండూ కుదిరితే ఫ్యాను వేయండి. ఒకటి తప్పినా వద్దు.

ఈ కొలతతో చూస్తే మన వైపు నవంబరు నడిమి నుంచి ఫిబ్రవరి నడిమి దాకా చాలా రాత్రులు పనికొస్తాయి. శివరాత్రి వెళ్లేసరికి డ్యూ పాయింట్ 18, 19కి ఎక్కి కూర్చుంటుంది. సాలూరు, పార్వతీపురం వైపు కొండల చలి ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకొన్ని రాత్రులు కలిసొస్తాయి. కళింగపట్నం, భీమిలి లాంటి సముద్రపు ఒడ్డున ఇంకొన్ని తగ్గుతాయి. రాత్రి గాలి నేల మీద నుంచి సముద్రం వైపు మళ్లుతుంది, ఆ వేళ కాస్త పొడిగా అనిపిస్తుంది నిజమే. అది చూసి మోసపోకండి, మీటరు చూడండి. ఉష్ణోగ్రత, తేమ రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటరు వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. రెండు కొనండి, ఒకటి లోపలికి, ఒకటి ఎండా వానా తగలకుండా బయటికి.

మీ వ్యాపారానికి కలిసొచ్చే విషయం ఇక్కడ ఒకటుంది. ఈ రాత్రులు ఎప్పుడొస్తున్నాయో చూశారా? సంక్రాంతి ముందు. జనవరి మొదటి రెండు వారాలు మీ షాపులో కాలు పెట్టడానికి సందుండదు. అప్పుడు లోపలి వేడి ఎండది కాదు, మనుషులదీ లైట్లదీ. నిలబడి చీరలు చూసే మనిషి ఒక్కొక్కరూ వంద వాట్ల బల్బు కంటే ఎక్కువే వేడి వదులుతారు. అంతస్తుకి 60 మంది ఉంటే ఏడెనిమిది కిలోవాట్లు, అంటే రెండు టన్నుల ఏసీ ఒకటి వాళ్లకే సరి. బయట పొద్దున్న 20 డిగ్రీల చల్లదనం పెట్టుకుని లోపల ఏసీతో కుస్తీ పట్టడం తెలివితక్కువతనం. ఆ రెండు వారాలూ తెల్లవారుజామున మూడు నుంచి ఆరున్నర దాకా ఫ్యాను వేసి స్లాబు చల్లబరచండి. షాపు తీశాక కూడా పదకొండింటి దాకా ఏసీ బదులు అదే ఫ్యానుతో బయటి గాలి తోలండి. నన్నడిగితే మీ బిల్డింగులో ఈ పద్ధతికి అసలైన లాభం ఈ పొద్దుటి గాలిలోనే ఉంది. రాత్రంతా ఫ్యాను తిప్పాల్సిన పని లేదు. ఆ మూడున్నర గంటల్లోనే బయట అన్నిటికంటే చల్లగా ఉంటుంది, అంతకుముందు తిప్పిన గంటలకి ఫలితం తక్కువ.

ఇక మీ అసలు బాధ, పొద్దున్న పదింటికి ఉడికిపోవడం. అది ఎక్కువగా వేసవి బాధ, పై అంతస్తు బాధ. దానికి రాత్రి గాలి మందు కాదు. మీ డాబా మీద మొన్నటి ఎండలకి మధ్యాహ్నం ఎప్పుడైనా చెప్పుల్లేకుండా నడిచారా? మే నెలలో నల్లబడ్డ సిమెంటు డాబా పైభాగం 55, 60 డిగ్రీలకి పోతుంది. ఆ వేడి స్లాబులోంచి దిగి కింది గదిలోకి రావడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకే సాయంత్రం ఎండ తగ్గాక పై అంతస్తు ఎక్కువ ఉడుకుతుంది. షట్టరు దించాక ఆ వేడికి బయటికి పోయే దారి లేదు, రాత్రంతా లోపలే కాగుతుంది. మర్నాడు మీరు తలుపు తీసేసరికి మీ మొహాన కొట్టేది నిన్నటి ఎండే.

నాలుగు లక్షల్లో పదో వంతు తీసి డాబాకి పెట్టండి. చవకైనది సున్నం. ముదురు వెల్ల రెండు మూడు పూతలు, అంటుకోవడానికి కాస్త జిగురు కలిపి, మార్చి మొదట్లో వేయించండి. వానలకి కొట్టుకుపోతుంది, ఏటా వేయాలి. ఓపిక లేదంటే తెల్లటి కూల్ రూఫ్ పెయింటు, ఇంకా గట్టిది కావాలంటే పగిలిన తెల్ల పింగాణీ పెంకులు పరిపించడం. నేను వేడి కొలిచే గన్నుతో చూసిన డాబాల్లో నల్లదానికీ తెల్లదానికీ పైభాగం 12 నుంచి 15 డిగ్రీల తేడా మామూలుగా కనబడింది. పడమటి గోడకి కూడా నీడ ఏదైనా ఆలోచించండి, మీ బోర్డు ఉన్న వైపే కదా, ఆ బోర్డునే గోడకి ఒక అడుగు ఎడంగా బిగిస్తే సరిపోతుంది. ఇవి చేశాక ఏసీల థర్మోస్టాట్ 24 దగ్గర పెట్టండి. 18లో పెడితే తొందరగా చల్లబడుతుందని మన సేల్స్ కుర్రాళ్ల నమ్మకం. మామూలు ఏసీ 18లో పెట్టినా 24లో పెట్టినా మొదటి గంట ఒకే వేగంతో లాగుతుంది.

వేసవిలో రాత్రి గాలి మీకు ఒక్క చోట పనికొస్తుంది, ఏసీ లేని చోట. మెట్లు, గోడౌను, జనరేటర్ గది, లిఫ్టు గది. షట్టరు దించాక అక్కడ వేడి గాలిని బయటికి తోసేయండి, తేమతో పెద్ద ఇబ్బంది లేదు. గోడౌనులో బట్ట ఉంటే మాత్రం వానాకాలంలో వద్దు.

ఈ తేడా ఏసీ లేని బిల్డింగులకి ఇంకా గట్టిగా వర్తిస్తుంది. స్కూళ్లు, చిన్న ఆఫీసులు, సీలింగ్ ఫ్యాన్ల మీద నడిచే షాపుల వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, పైన చెప్పిన డ్యూ పాయింట్ గొడవ మీకు అంతగా లేదు. నీళ్లు పిండే ఏసీ లేనప్పుడు ఆ నీళ్లకి కరెంటు ఖర్చూ లేదు. నెత్తి మీద ఫ్యాను తిరుగుతుంటే మనం 29, 30 డిగ్రీల్లో కూడా సర్దుకుంటాం. మా నాన్నమ్మ రాజాం దగ్గర పల్లెలో మండువా ఇంట్లో ఉండేది. వేసవిలో రాత్రి కిటికీ రెక్కలన్నీ బార్లా తీసి, మేమంతా మండువాలో నులక మంచాల మీద పడుకునేవాళ్లం. పొద్దున్న ఎండ గడప ఎక్కకముందే ఆవిడ అన్నీ మూసేసేది. మధ్యాహ్నం ఎవరైనా గాలి కోసం కిటికీ తీస్తే తిట్లే. మట్టి, సున్నం గోడలు అడుగున్నర మందం, లోపల నిజంగా చల్లగా ఉండేది. ఆవిడకి థర్మల్ మాస్ అంటే, అదే గోడలూ స్లాబూ వేడినీ చల్లదనాన్నీ దాచుకునే గుణమంటే తెలీదు, కానీ తీయాల్సిన వేళ, మూయాల్సిన వేళ తెలుసు. మీ కొటేషన్ ఆయన తీయడం ఒక్కటే చెప్పాడు.

ఇంత చెప్పినా సంక్రాంతి కోసం చేయించుకుంటానంటే, చిన్నగా చేయించండి. మెట్ల గది పైన ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను చాలు, మీకు మెట్లు మూడు అంతస్తులకీ కలిసే ఉన్నాయి కాబట్టి పొగగొట్టంలా లాగుతుంది. ఏసీ వాళ్ల డక్ట్ బ్లోయరుతో తోలించే ఆలోచన వద్దు. ఆ సన్నటి డక్టుల్లోంచి గాలి తోయడానికి మూడు నాలుగు రెట్లు కరెంటు తింటుంది, మోటారు వేడికి గాలి అర డిగ్రీ పైనే వెచ్చబడుతుంది కూడా. గాలి లోపలికి వచ్చే దారి ఫ్యాను కంటే పెద్దదిగా ఉండాలి, ప్రతి అంతస్తులో ఉండాలి. దారి లేకుండా ఫ్యాను లాగితే గాలి ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? బాత్రూమ్ ట్రాపులోంచి, అంటే కంపు పైకి రాకుండా నీళ్లు నిలిపే వంపు పైపులోంచి. వాడకం లేని బాత్రూములో ట్రాపు నీళ్లు ఎండిపోయి ఉంటాయి, డ్రైనేజీ కంపు షాపంతా పరుచుకుంటుంది. ఒక హోటల్ వాళ్లకి ఈ కంపు ఎక్కడిదో కనుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

కిటికీలకి బలమైన గ్రిల్, దాని వెనక సన్నటి స్టీలు జాలీ పెట్టించండి. ప్లాస్టిక్ దోమతెరని ఎలకలు ఒక్క రాత్రిలో కొరికేస్తాయి, బట్టల షాపులో ఎలక దూరితే మీకు నేను చెప్పక్కర్లేదు. జాలీకి దుమ్ము పడితే గాలి సగమైపోతుంది, పదిహేను రోజులకోసారి బ్రష్ కొట్టాలి. ఫ్యాను ఆగగానే వాటంతట అవే మూసుకునే రెక్కలు తప్పనిసరి, లేకపోతే పగలు ఏసీ చల్లదనమంతా అక్కడి నుంచే పోతుంది. రెక్కల్ని బయటి నుంచి గట్టిగా మూసే తలుపు కూడా ఒకటి ఉండాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాన్లు చూశాం కదా. ఆ గాలికి రెక్కలు నిలవవు, వాన అడ్డంగా కొడుతుంది. ఇంకో మాట, పొగ వస్తే ఫ్యాను ఆగిపోయేలా ఫైర్ అలారంతో కలపండి. రాత్రి మనుషుల్లేని బట్టల షాపులో నిప్పు పుడితే తిరుగుతున్న ఫ్యాను కొలిమి తిత్తిలా పని చేస్తుంది. ఎలక్ట్రీషియన్ దీన్ని తేలిగ్గా తీసుకుంటే వేరే ఎలక్ట్రీషియన్‌ని చూసుకోండి.

టైమరు ఒక్కదాని మీద వదిలేయకండి, నా శ్రీకాకుళం కథ గుర్తుంది కదా. బయటా లోపలా ఉష్ణోగ్రత, తేమ చూసి నిర్ణయించే కంట్రోలరు పెట్టించుకోవచ్చు. అంత ఖర్చెందుకు అనుకుంటే వాచ్‌మన్‌కి రెండు మీటర్లూ చూపించి, పైన చెప్పిన నోటిలెక్క ఒక అట్ట మీద రాసి మీటరు పక్కన వేలాడదీయండి. ఫిబ్రవరి 15న స్విచ్ మీద టేపు అతికించేయండి.

చివరగా, నా లెక్కల్ని కూడా నమ్మక్కర్లేదు. మీరే ఒక పరీక్ష చేసుకోవచ్చు, ఖర్చు లేదు. ఈ వానాకాలంలోనే చేయండి. మొదటి అంతస్తు ఏసీ డ్రెయిన్ పైపుల కింద 20 లీటర్ల పెయింటు బకెట్ పెట్టండి. ఒక రాత్రి అన్నీ మూసేసి, మర్నాడు పదింటికి ఏసీ వేసి, పదకొండున్నరకి బకెట్‌లో నీళ్లు కొలవండి. ఏసీల కరెంటు మీటరు రీడింగు పదింటికీ పదకొండున్నరకీ రాసుకోండి. మర్నాటి రాత్రి వాచ్‌మన్‌ని కూర్చోబెట్టి, ఆ అంతస్తు కిటికీలు తీసి, రెండు పెడస్టల్ ఫ్యాన్లు బయటి నుంచి లోపలికి తిప్పి పెట్టండి. మళ్లీ అదే కొలత. రెండు రాత్రులూ వాతావరణం ఒకేలా ఉండాలి, ఒకరోజు వాన ఒకరోజు ఎండ అయితే లెక్క చెడుతుంది, ఇంకో జత రాత్రులు చూడండి. ఖరీదైన సరుకు మీద ప్లాస్టిక్ కవర్లు కప్పడం మర్చిపోకండి. ఇదే పరీక్ష డిసెంబరు రెండో వారంలో మళ్లీ చేయండి. నాలుగు బకెట్ల లెక్క, నాలుగు పూటల మీటరు రీడింగులు, కొన్న రెండు మీటర్లలో ఆ రాత్రి మూడింటికి కనిపించిన అంకెలు, ఇవన్నీ ఇక్కడ పెట్టండి. ఫ్యాను సైజు, కిటికీల కొలత అప్పుడు వేసి ఇస్తాను.